చీటీ వేసి మందిస్తారా?

మా పిన్నిది నాగాయలంక. 1977 నాటి దివిసీమ ఉప్పెనను కళ్ళారా చూసిన మనిషి. గాలికీ నీటికీ బెదరదు గానీ, సంతకం పెట్టమంటే మాత్రం బెదిరిపోతుంది.

ఆ మధ్య చక్కెరజబ్బుకి చూపించుకోవడానికి విజయవాడ వెళ్తే, డాక్టరుగారు ఒక కాయితాల కట్ట చేతికిచ్చి, “ఇంటికెళ్ళి చదివించుకోండమ్మా. ఇష్టమైతేనే సంతకం పెట్టండి” అన్నారట. ఏదో విశ్వవిద్యాలయం వారు చేయిస్తున్న క్లినికల్ ట్రయలట. పిన్ని ఆ కట్టతో సహా నేరుగా బందరులో మా ఇంటికొచ్చి దిగింది.

“ఏమే, నవలలు రాస్తావుగా! ఇదేమిటో చదివి చెప్పు.”

నవల వేరు, ఇది వేరు అంటే వింటుందా! నేను చదివిందేమో బి.ఏ., అందులోనూ చరిత్ర. సరేనని మొదలుపెట్టాను. నాలుగో పేజీలో ‘యాదృచ్ఛికీకరణ’ అన్న మాట దగ్గర నా నాలుక మడతపడింది.

“అదేమన్నా వ్రతమా?” అంది పిన్ని.

“కాదు పిన్నీ, చీటీలు వెయ్యడం. నీకు పాత మందా, కొత్త మందా అన్నది చీటీ వేసి తేలుస్తారు.”

పిన్ని లేచి నిలబడింది. “మందు చీటీ వేసి ఇస్తారా? ఇదేమన్నా చిట్టీ పాటా? మనమీద ప్రయోగాలు చేస్తారన్న మాట!”

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వెనక్కి వెనక్కి వెళితే, అది మా అమ్మమ్మ కాలి దగ్గర తేలింది.

మా అమ్మమ్మకి బోదకాలు. మురిక్కాలవలూ దోమలూ ఉన్న మన డెల్టా ఊళ్ళల్లో అది ఎరగని వీధి ఉండేది కాదు. కుచ్చెళ్ళు నేలకి జీరాడేలా కట్టి ఆవిడ ఆ కాలు దాచుకునేది. అయినా గుడివాడ నుంచి పిన్నికి వచ్చిన సంబంధం వాళ్ళకి ఎవరో చెవిన వేశారు. ‘తల్లి కాలు పిల్లకి రాదని ఏమిటి నమ్మకం?’ అని వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ తర్వాతే పిన్ని దివిసీమ కోడలైంది.

నిజానికి అది వంశంలో వచ్చేది కాదు, దోమ తెచ్చేది. ఈ సంగతికి దారి చూపినవాడు పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు. చైనాలో అమోయ్ అనే రేవు పట్నంలో పనిచేసేవాడు, మన బందరులాంటి ఊరే. 1877 ప్రాంతంలో, రక్తంలో ఈ పురుగు పిల్లలున్న తన తోటమాలిని దోమల మధ్య పడుకోబెట్టి, తెల్లారాక ఆ దోమల్ని కోసి చూశాడు. పురుగు దోమ కడుపులో పెరుగుతోంది! ఆ పిల్లలు పగలు ఊపిరితిత్తుల దగ్గర దాక్కుని, దోమలు కుట్టే వేళకి పైరక్తంలోకి వస్తాయని కూడా ఆయనే కనిపెట్టాడు. మన ఫైలేరియా సిబ్బంది రాత్రిళ్ళు వచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకునేది అందుకే.

ఆ తోటమాలి పేరు హిన్ లో. చరిత్ర పుస్తకాల్లో మాన్సన్‌కి పేజీలున్నాయి, హిన్ లోకి ఒక వాక్యం. యజమాని పడుకోమంటే కాదనగలడా? సమ్మతి పత్రం అన్న మాటే అప్పటికి పుట్టలేదు.

అది గట్టిగా పుట్టింది 1947లో. ఖైదీల మీద ఘోరమైన ప్రయోగాలు చేసిన నాజీ డాక్టర్లను న్యూరెంబర్గులో విచారించిన న్యాయమూర్తులు, ఆ ఆగస్టులో తీర్పుతో పాటు పది సూత్రాలు చెప్పారు. మొట్టమొదటిది: మనిషి తనంత తానుగా ఒప్పుకుంటే తప్ప అతని మీద ప్రయోగం చెయ్యకూడదు.

అదే ఏడు మా అమ్మమ్మ జబ్బుకి మందు కూడా బయటికొచ్చింది. దాన్ని తెచ్చిన పరిశోధక బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. అమెరికాలో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో ముందు ఎలుకల మీద, కుక్కల మీద చూసి, ఆనక ప్యూర్టోరికో దీవిలో రోగులకిచ్చి చూశారు. మందు పేరు డైఈథైల్‌కార్బమజైన్, మనవాళ్ళకి డీఈసీ. అమెరికా వెళ్ళినాయన మళ్ళీ మన దేశం రాలేదు, 1948లో అక్కడే కన్నుమూశారు. ఆయన మందు మాత్రం మన గుమ్మాల్లోకి వచ్చింది. 2004 నుంచి దేశంలో బోదకాలున్న జిల్లాల్లో ఏడాదికోసారి ఇంటింటికీ పంచారు. మనం ఏం చేశాం? ‘జ్వరం వస్తుందట, కళ్ళు తిరుగుతాయట’ అని చాటుగా పారేశాం. బందరు మురిక్కాలవల్లో దోమలు మా ఇంటి మాత్రలెన్ని మింగాయో!

ఇక పిన్ని అడిగిన చీటీ దగ్గరికి వస్తాను. డీఈసీ, ఆల్బెండజోల్ అనే రెండు మందులు కలిపి ఏటేటా ఇచ్చినా జబ్బు మొండికేసింది. వీటికి ఐవర్‌మెక్టిన్ జోడిస్తేనో? మూడూ పాతవే. పాత మందు మీద కంపెనీకి లాభమేముంది? అందుకే ఇలాంటి పనికి విశ్వవిద్యాలయాలు పూనుకుంటాయి. క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్ట్రన్ రిజర్వ్ విశ్వవిద్యాలయం, సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం డాక్టర్లు, పాపువా న్యూగినీ వైద్య పరిశోధన సంస్థతో కలిసి, ఆ దేశపు పల్లెల్లో 182 మందిని చీటీల ప్రకారం మూడు జట్లు చేశారు. ఒక జట్టుకి మూడు మందులూ ఒక్కసారే. రెండో జట్టుకి రెండు మందులు ఒక్కసారి. మూడో జట్టుకి ఆ రెండే, ఏడాదికోసారి చొప్పున మూడేళ్ళు.

చీటీ ఎందుకంటారా? డాక్టరూ మనిషే గదా! జబ్బు ముదిరినవాళ్ళ మీద జాలిపడి కొత్త మందు వాళ్ళకే ఇచ్చాడనుకోండి. గుణం కనిపించకపోతే తప్పు మందుదా, ముదిరిన జబ్బుదా? చీటీకి జాలీ లేదు, బంధుప్రీతీ లేదు. తేడా వస్తే అది మందు తేడాయే.

ఏడాది తిరిగాక చూస్తే, రెండు మందులు ఒక్కసారి వేసుకున్నవాళ్ళలో నూటికి 32 మంది రక్తమే శుభ్రపడింది. మూడు మందులవాళ్ళలో 96 మందిది! రెండు మందులవాళ్ళు ఆ మెట్టుకి చేరడానికి మూడేళ్ళపాటు ఏటేటా మింగాల్సి వచ్చింది, అప్పటికి వాళ్ళలో 98 మందిది శుభ్రపడింది. 2018లో ఈ ఫలితం అచ్చయింది. అంతకుముందే, ఎక్కువమందికిస్తే ప్రమాదమేమన్నా ఉందా అని ఐదు దేశాల్లో 26 వేల మందికి పైగా చూశారు. అందులో మన పక్క కర్ణాటకలోని యాద్గిర్ జిల్లా ఒకటి. 2018 నుంచి మన దేశంలో కొన్ని జిల్లాల్లో ఈ మూడు మందుల పద్ధతి మొదలైంది. అంటే, రెండు మందుల చీటీ వచ్చినవాళ్ళు కూడా ఊరికే పోలేదు. వాళ్ళే లేకపోతే 96 గొప్పదని ఎవరికి తెలుసు?

“మరి ఈ స్పాన్సరెవరే? సీరియల్ ముందు వేస్తారు, వాళ్ళేనా?” అంది పిన్ని.

కాదు. సీరియల్ స్పాన్సరు సబ్బు అమ్ముకుని పోతాడు. ట్రయల్ స్పాన్సరు జవాబుదారీ. 2009 నుంచి ప్రతి ట్రయలూ ప్రభుత్వ రిజిస్ట్రీలో ముందే నమోదు కావాలి. 2019 నిబంధనల ప్రకారం ఆసుపత్రి నైతిక సంఘంలో వైద్యం చదవని సామాన్యుడు కూడా ఉండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయించాలి, పరిహారమివ్వాలి. ఎప్పుడు వద్దనుకున్నా కారణం చెప్పకుండా మానెయ్యవచ్చు.

అయినా పిన్ని భయం వట్టి భయమని అనను. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేల మంది ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార కాన్సర్ రాకుండా టీకా వేశారు. అది ట్రయల్ కాదు, ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు. కొందరు పిల్లలు చనిపోయారు. దానికి టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ తల్లిదండ్రులు పెట్టవలసిన చోట చాలా ఫారాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి! 2010లో ఆ పని ఆపేశారు. మందు మంచిదైనంత మాత్రాన సరిపోదు, అడగడం కూడా మంచిగా ఉండాలి.

అంతా విని పిన్ని చాలాసేపు మాట్లాడలేదు.

“మా అమ్మ ఆ రాత్రి వచ్చినవాళ్ళని తరిమేసిందని గదా నువ్వు విన్నది?” అంది చివరికి. “తరమలేదే. నేను తలుపు చాటున ఉన్నాను. ‘నా కాలు తగ్గుతుందా నాయనా?’ అని అడిగింది. ఆ అబ్బాయి ‘తగ్గదమ్మా. మీ ఇంట్లో పిల్లలకి రాకుండా చూడ్డానికి’ అన్నాడు. మా అమ్మ ఇంకేం మాట్లాడకుండా వేలు చాపింది.”

నేను ఇన్నాళ్ళూ అమ్మమ్మని మొండిమనిషి అనుకున్నాను. ‘తగ్గుతుంది’ అని అబద్ధమాడి ఉంటే నిజంగానే తరిమేసేదేమో!

పిన్ని కాయితాల కట్ట సంచిలో పెట్టుకుంది. “సంతకం సంగతి తర్వాత. మధ్యలో మానేస్తే ఇప్పుడిచ్చే మందు ఇస్తారా లేదా అని ముందు అడుగుతాను. ఆ ముక్క తెలుగులోనే రాసివ్వమను” అంటూ అవనిగడ్డ బస్సుకి లేచింది.