స్ఫటికం, టూర్మలిన్: కృష్ణా తీరపు చరిత్ర

స్ఫటికం అంటే రంగూ మసకా లేని పలుగురాయి. సిలికా నెమ్మదిగా పేరుకునేటప్పుడు చుట్టూ చోటు దొరికితే ఆరు పలకల కడ్డీగా, కొన మొనదేలి పెరుగుతుంది. చోటు చాలకపోతే తెల్లటి పలుగుగానే మిగిలిపోతుంది. టూర్మలిన్ బోరాన్ ఉన్న వేరే ఖనిజం. నలుపు, ఆకుపచ్చ, గులాబి వంటి ఎన్నో రంగుల్లో దొరుకుతుంది. రెంటినీ కంటితోనే విడదీయవచ్చు. స్ఫటికం పలకల మీద సన్నని గీతలు అడ్డంగా ఉంటాయి, టూర్మలిన్ కడ్డీ మీద నిలువుగా సాగుతాయి. టూర్మలిన్‌ను అడ్డంగా కోసి చూస్తే అంచులు ఉబ్బిన ముక్కోణం కనిపిస్తుంది.

ఆంధ్రదేశంలో స్ఫటికం చరిత్ర బౌద్ధ స్తూపాల గర్భంలో కనిపిస్తుంది. తెనాలి–రేపల్లె దారిలోని భట్టిప్రోలులో 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రీ స్తూపాన్ని తవ్వించాడు. అప్పటికే ఆ దిబ్బ ఇటుకలూ పాలరాళ్లూ నిర్మాణ పనులకు తరలిపోయి, స్తూపం సగం పైగా పాడైంది. అయినా అడుగున మూడు రాతి పేటికలు భద్రంగా ఉన్నాయి. వాటిలో స్ఫటిక భరిణె, ఎముక ముక్కలు, బంగారు పూలు, ముత్యాలు దొరికాయి. పేటికల మీది బ్రాహ్మీ అక్షరాలను జర్మన్ పండితుడు బ్యూలర్ చదివాడు. కుబీరకుడనే రాజు పేరు, దాతల గోష్ఠుల పేర్లు వాటిలో ఉన్నాయి. ఇవి క్రీస్తుపూర్వం మూడు, రెండు శతాబ్దాల నాటివని పండితుల అంచనా. శాసనాలు పేటికలకే పరిమితం కాలేదు. వాటిలో ఒకటి ఆరు పలకల స్ఫటికం మీద చెక్కి ఉంది, అది స్త్రీల దానాన్ని చెబుతుంది. రాజశాసనాల కంటే ఈ చిన్న స్ఫటికమే నన్ను ఎక్కువ కట్టిపడేస్తుంది.

స్ఫటికాన్ని చెక్కడం, భరిణెగా మలచడం ఎంత కష్టమో రాయి గుణం తెలిస్తే అర్థమవుతుంది. స్ఫటికం కాఠిన్యం మోస్ కొలబద్ద మీద 7. ఇనుప పనిముట్టుతో గీస్తే సాధారణంగా గీత పడదు. అభ్రకంలా పొరలుగా విడిపోదు, దెబ్బ తగిలితే గవ్వ లోపలి వంపులా పెచ్చు ఊడుతుంది. అందుకే గట్టి రాపిడి పొడితో కొద్దికొద్దిగా అరగదీసి, లోపల డొల్ల చేసి, మూత కుదిర్చి, మెరుగు పెట్టాలి. ఒక్క తప్పు దెబ్బతో రోజుల శ్రమ పోతుంది. ఇంత శ్రమ పడింది ధాతువును, అంటే పూజనీయమైన అవశేషాన్ని, దాచడానికే. అయినా దాచినది బయటికి కనిపించే రాయినే ఎంచుకున్నారు. అమరావతిలో దీపాలదిన్నె అనే స్తూపం దగ్గర 1958–59 తవ్వకాల్లో దక్షిణ ఆయక వేదిక (స్తూపం నుంచి ముందుకు పొడుచుకొచ్చిన అరుగు) నుంచి కూడా స్ఫటిక ధాతు కరండాలు (భరిణెలు) బయటపడ్డాయి.

టూర్మలిన్‌కు ఇలాంటి పూజార్హత ఇక్కడ దక్కలేదు. నవరత్నాల్లో దానికి చోటు లేదు. నెల్లూరు జిల్లా గూడూరు, సైదాపురం ప్రాంతపు మైకా గనుల్లో కాకిబంగారం (అభ్రకం) పక్కనే, పలుగులో ఇరుక్కుని నల్లటి టూర్మలిన్ కడ్డీలు కనిపిస్తాయి. ఐరోపాకు మాత్రం ఇది 18వ శతాబ్దం మొదట్లో సింహళం నుంచి డచ్చి వర్తకుల చేతుల మీదుగా చేరింది. వేడి చేస్తే బూడిదను లాక్కుంటుందని గమనించి వాళ్లు ఆశ్చర్యపోయారు. వేడికి దాని రెండు కొనల్లో వ్యతిరేక విద్యుదావేశాలు పుడతాయని 1756లో శాస్త్రవేత్త ఎపినస్ నిరూపించాడు. 1880లో జాక్, పియర్ క్యూరీ సోదరులు టూర్మలిన్, స్ఫటికం వంటివాటిని నొక్కితే విద్యుత్తు పుడుతుందని చూపారు. నేటి చేతి గడియారంలోని సన్నని క్వార్ట్జ్ ముక్క సెకనుకు 32,768 సార్లు కంపించడానికి మూలం ఆ గుణమే.

స్ఫటికం చుట్టూ నమ్మకాలు చాలా ఉన్నాయి. స్ఫటిక లింగానికి అభిషేకం చేస్తారు, జపానికి స్ఫటికమాల వాడతారు, ఒంటికి చలవ చేస్తుందంటారు. చల్లగా తోచే మాట నిజమే: వేడిని గాజు కంటే త్వరగా లాక్కుంటుంది కనుక తాకగానే చల్లగా ఉంటుంది. జబ్బులు తగ్గిస్తుందనడానికి మాత్రం ఆధారం లేదు. యాత్రాస్థలాల్లో దండ కొనేవారు పూసలోకి తేరిపార చూడాలి, గుండ్రని గాలి బుడగలు కనిపిస్తే అది గాజే. పెద్ద గోళమైతే కింద వెంట్రుక పెట్టి గోళాన్ని తిప్పుతూ చూస్తే, స్ఫటికంలో ఏదో ఒక వైపు నుంచి ఆ వెంట్రుక రెండుగా కనిపిస్తుంది.

వజ్రాలకు పేరుబడ్డ కొల్లూరు కూడా ఈ కృష్ణ ఒడ్డునే ఉండేది. అందువల్ల మెరిసే ప్రతి పలుగు మీదా ఆశ పుడుతుంది. అద్దాన్ని గీస్తే వజ్రమేనన్న మాట చాలామందిని మోసం చేసింది, ఎందుకంటే స్ఫటికం కూడా అద్దాన్ని గీస్తుంది. తూకం మేలైన పరీక్ష. స్ఫటికం సాంద్రత 2.65, వజ్రానిది 3.5 పైమాటే.

ఇలాంటి రాళ్ల, ప్రాచీన వస్తువుల సేకరణలో అసలు నష్టం వస్తువును చోటు నుంచి విడదీసినప్పుడే జరుగుతుంది. భట్టిప్రోలు ధాతువు 1920లో కలకత్తాలోని ధర్మరాజిక విహారానికి చేరింది. కరండాలు మద్రాసు మ్యూజియంకు వెళ్లాయి. ఊళ్లో దిబ్బ మిగిలింది. 1898లో ఉత్తర భారతంలోని పిప్రావా స్తూపంలో స్ఫటిక కరండంతో పాటు బయటపడ్డ రత్నాల్లో కొన్ని ఒక ఆంగ్ల కుటుంబం దగ్గరే ఉండిపోయాయి. 2025 మేలో హాంకాంగ్‌లో వేలానికి పెడితే భారత ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. వేలం ఆగింది, జూలైలో అవి దేశానికి తిరిగి వచ్చాయి. ఖనిజాలు సేకరించే వారికీ ఇదే వర్తిస్తుంది. ఏ ఊరు, ఏ గని, ఏ రాతిలో, ఏ తేదీన దొరికిందో చీటీ మీద రాసి ఉంచని స్ఫటికం శాస్త్రానికి పెద్దగా పనికిరాదు. పత్తి, మిరప చేలు దున్నేటప్పుడు రంధ్రం వేసిన పూసో చెక్కిన రాయో తగిలితే దాన్ని కడగకుండా, దొరికిన చోటు గుర్తు పెట్టుకుని తహసీల్దారుకు తెలపాలి. అలాంటి నిక్షేపాల సంగతి కలెక్టరుకు చేరాలని 1878 నాటి చట్టం నేటికీ చెబుతోంది.