శంషాబాద్‌కి బస్సెక్కడ ఎక్కాలి?

అమ్మ మా చెల్లెలి దగ్గరికి డాలస్ వెళ్ళాలి. విమానం తెల్లవారుజామున నాలుగింటికి. జగిత్యాల నుంచి శంషాబాద్ దాకా కారు మాట్లాడతానంటే అమ్మ ఒప్పుకోలేదు. "కారెందుకురా? మీ మామ దుబాయి పోయినప్పుడు బస్సులనే పోయిండు. నేను పోలేనా?" అంది. నా దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు నేను చేసే పని ఒకటే, లాప్‌టాప్ తెరవడం.

ప్రయాణాన్ని వెనక నుంచి లెక్కేశాను. నాలుగింటికి విమానం, అంటే ఒంటిగంటకల్లా చెకిన్ దగ్గర ఉండాలి. కరీంనగర్ వైపు బస్సులన్నీ సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్‌లో ఆగుతాయి. అక్కణ్ణుంచి మూడు దారులు కనిపించాయి. మొదటిది మెట్రో: జేబీఎస్‌లో ఎక్కి ఎంజీబీఎస్‌లో మారి ఎల్బీనగర్‌లో దిగి, అక్కడ విమానాశ్రయం బస్సు పట్టుకోవడం. రెండు పెద్ద సూట్‌కేసులు, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, మధ్యలో ఒక మార్పు. రెండోది ఎంఎంటీఎస్: ఉందానగర్ దాకా రైలుంది, అక్కణ్ణుంచి విమానాశ్రయం ఆరు కిలోమీటర్లు. ఆ ఆరు కిలోమీటర్లకి అర్ధరాత్రి ఆటో దొరకాలి. మూడోది ఆర్టీసీ పుష్పక్ బస్సు, తిన్నగా టెర్మినల్‌కి. అమ్మకి మూడోదే చెప్పాను. కానీ ఆ రెండో దారి నన్ను వదల్లేదు. రైలు పట్టాలు విమానాశ్రయానికి ఆరు కిలోమీటర్ల దూరం దాకా వచ్చి ఎందుకాగిపోయాయి? ఈ వ్యాసం ఆ కుతూహలంలోంచి పుట్టింది.

దారి వెతకడమనే పనికి మా వృత్తిలో ఒక పురాణగాథ ఉంది. 1956లో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే డచ్ కుర్రాడు కాబోయే భార్యతో ఆమ్‌స్టర్‌డామ్‌లో షాపింగ్ చేసి అలిసిపోయి ఒక కాఫీ హోటల్ ముందు కూర్చున్నాడు. రోటర్‌డామ్ నుంచి గ్రోనింగెన్ వెళ్ళడానికి అతి దగ్గరి దారేదో ఎలా కనుక్కోవాలన్న ఆలోచన వచ్చింది. కాగితం, పెన్సిలు లేకుండా ఇరవై నిమిషాల్లో పద్ధతి తేలిపోయింది. అర్మాక్ అనే కొత్త కంప్యూటర్‌ని జనానికి చూపించడానికి 64 ఊళ్ళ పటం మీద దాన్ని నడిపించారు. 1959లో అచ్చయిన ఆ చిన్న పేపరు ఈవేళ్టి మ్యాపులన్నిటికీ ముత్తాత. బస్సుల టైంటేబుళ్ళని కంప్యూటర్‌కి అర్థమయ్యే ఒకే మూసలో పెట్టడం మాత్రం చాలా ఆలస్యంగా, 2005లో, అమెరికాలోని పోర్ట్‌లాండ్ రవాణా సంస్థతో గూగుల్ కలిసి పనిచేసినప్పుడు మొదలైంది.

అయితే డైక్‌స్ట్రా లెక్కలో ప్రతి దారికీ ఒక ఖరారైన పొడవుంటుంది. విమానం పట్టుకునేవాడికి కావలసింది అతి దగ్గరి దారి కాదు, దెబ్బతినని దారి. ఒక బస్సు తప్పిపోతే తర్వాతది ఎప్పుడు, అది కూడా రాకపోతే చేతిలో ఏముంది అన్నదే ప్రశ్న. నగరాలు ఈ ప్రశ్నకి తలా ఒకరకంగా జవాబు చెప్పాయి, కొన్ని అసలు చెప్పలేదు.

హైదరాబాద్ ఒకప్పుడు, అనుకోకుండానే కావచ్చు, బాగానే చెప్పింది. వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలుమార్గం 1874లో వచ్చింది. బేగంపేటలో విమానాలు దిగడం 1930ల్లో, ఏరో క్లబ్ రోజుల్లో మొదలైంది. ఆ మైదానానికి దగ్గర్లోనే బేగంపేట రైల్వే స్టేషన్. 1930లో నిజాం ప్రభుత్వం రైల్వేని కంపెనీ చేతుల్లోంచి తీసుకుంది. 1932లో ఆ రైల్వేలోనే ఒక శాఖగా బస్సుల విభాగం పెట్టింది, 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో. ఇవాళ రెండు రాష్ట్రాల్లో తిరుగుతున్న ఎర్రబస్సులన్నిటికీ ఇంటిపేరు అక్కడిదే. మన ఆర్టీసీ బస్సుల నంబర్లలో కనిపించే జెడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెప్పుకుంటారు. తర్వాత 1940ల్లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టారు. బేగంపేట నుంచి డకోటాలు ఎగిరాయి.

దీన్ని స్వర్ణయుగంగా చూపించాలని నాకు లేదు. ఆ విమానాలెక్కినవాళ్ళు నవాబులు, దొరలు, పెద్ద ఉద్యోగులు. వాళ్ళు బేగంపేట స్టేషన్‌లో దిగి పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి వెళ్ళి ఉంటారని నేననుకోను. నాకు ఆసక్తి కలిగించింది ఇంకోటి: రైలూ బస్సూ ఒకే కార్యాలయం కింద ఉండటం, విమానం కూడా ఆ ప్రభుత్వం చేతికి అందేంత దూరంలో ఉండటం. రైలు దిగినవాడికి బస్సు ఎప్పుడుండాలో నిర్ణయించే బల్ల ఒకటే. ఆ తర్వాత ఆ బల్ల మూడు ముక్కలైంది. హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిశాక రైల్వే కేంద్రానికి వెళ్ళింది, బస్సులు రాష్ట్రానికి మిగిలాయి, 1953లో డెక్కన్ ఎయిర్‌వేస్ జాతీయమై ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 1958లో ఏపీఎస్‌ఆర్‌టీసీ ఏర్పడేనాటికి ముగ్గురూ ఎవరి దారిన వాళ్ళున్నారు. ఒక్కో నిర్ణయానికీ అప్పటికి మంచి కారణమే ఉంది. ఉందానగర్ ఆరు కిలోమీటర్లలో మొదటి కిలోమీటరు మాత్రం అక్కడే పడిందని నా అనుమానం.

ఆ కాలంలోనే ఇతరచోట్ల ఏం జరుగుతోందో చూద్దాం. బెర్లిన్ టెంపుల్‌హాఫ్ విమానాశ్రయం దగ్గరికి 1927లోనే భూగర్భ రైలు వచ్చింది. లండన్ దగ్గర గాట్విక్‌లో 1936లో ఒక గుండ్రటి టెర్మినల్ కట్టారు, తేనెతుట్టె అని దాని ముద్దుపేరు. విక్టోరియా స్టేషన్‌లో రైలెక్కి గాట్విక్‌లో దిగితే, సొరంగంలోంచి నడిచి టెర్మినల్ చేరొచ్చు. అక్కణ్ణుంచి ముడుచుకునే పందిరి వంటి దారిలో విమానం దాకా వానచుక్క పడకుండా వెళ్ళొచ్చు. పారిస్ విమానం టికెట్‌లోనే రైలు ఛార్జీ కూడా కలిపి ఉండేది. టెర్మినల్ ఎంత పెద్దదిగా ఉండాలో, ఎంత గుండ్రంగా ఉండాలో ఆలోచించినవాళ్ళే ప్రయాణికుడు దానిదాకా ఎలా వస్తాడో కూడా ఆలోచించారు. ఆ రెండూ వాళ్ళకి ఒకే గీతలో భాగం. లండన్‌కే చెందిన హీత్రో మాత్రం పెద్దదై, రద్దీ అయి, నగరంలోని భూగర్భ రైలు తన మధ్యలోకి రావడానికి 1977 దాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత అతికించడం మొదట్లో గీయడం కంటే ఎంత కష్టమో సాఫ్ట్‌వేర్ రాసే ఎవరినడిగినా చెప్తారు.

మన దగ్గర చెన్నైది అదృష్టం. విమానాశ్రయం ఎదురుగా రోడ్డు దాటితే తిరుసూలం లోకల్ రైలు స్టేషన్. 2016లో మెట్రో కూడా వచ్చింది. ఢిల్లీలో 2011లో ప్రత్యేక మెట్రో మార్గం తెరిచారు, మరుసటి ఏడాది వంతెన బేరింగుల్లో లోపాలు బయటపడి కొన్నాళ్ళు మూసేశారు, 2013లో ప్రైవేటు సంస్థ తప్పుకుంటే ఢిల్లీ మెట్రోయే నడపడం మొదలుపెట్టింది. ఇప్పుడది హాయిగా తిరుగుతోంది.

ఇక శంషాబాద్. 2008 మార్చి 23న అక్కడ విమానాలు మొదలయ్యాయి, బేగంపేటలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. దానికి కొద్దిరోజుల ముందు పాత విమానాశ్రయాలు మూయొద్దని ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు దేశమంతా సమ్మె చేశారు. ఒప్పందంలో ఒక షరతుంది: 150 కిలోమీటర్ల లోపల పాతికేళ్ళపాటు ఇంకో విమానాశ్రయం రాకూడదు. బేగంపేటకి తాళం వేసింది ఆ షరతే. వరంగల్ మామునూరుకి అడ్డుపడిందీ అదే, సడలించాక గాని అక్కడ కదలిక రాలేదు. దాదాపు 5,500 ఎకరాలు. నగరం నడిబొడ్డు నుంచి పాతిక కిలోమీటర్లు. అప్పుడు నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను, హాస్టల్లో అందరం ఆ టెర్మినల్ ఫోటోలు చూసి మురిసిపోయాం. అక్కడికి ఎలా వెళ్తారని ఒక్కడూ అడిగిన గుర్తు లేదు. మాలో విమానం ఎక్కినవాడు లేడు కదా.

వెళ్ళే దారి విషయంలో ముందు కదిలింది సిమెంటు. గచ్చిబౌలి నుంచి శంషాబాద్‌కి ఔటర్ రింగ్ రోడ్డు మొదటి ముక్క 2008లోనే తెరిచారు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే 2009 అక్టోబరులో వచ్చింది. దాని మీదికి రెండుచక్రాల బళ్ళు, ఆటోలు ఎక్కకూడదు. కింద అత్తాపూర్ దగ్గర సిటీబస్సు కోసం నిలబడ్డవాడికి పైన వెళ్ళే కార్ల చప్పుడు వినిపిస్తుంది. ఆ స్తంభాల నీడ కూడా కాస్త దక్కుతుంది, అబద్ధం ఎందుకు.

రైలు కథ ఇంకా నెమ్మది. ఎంఎంటీఎస్ 2003లో మొదలైంది. ఫలక్‌నుమా దాటి మహబూబ్‌నగర్ వైపు పట్టాలు మీటర్ గేజ్ రోజుల నుంచీ ఉన్నాయి. అవి శంషాబాద్ ఊరి పక్కనుంచే పోతాయి, ఆ స్టేషనే ఉందానగర్. రెండో దశలో లోకల్ రైలుని అక్కడిదాకా, అక్కణ్ణుంచి విమానాశ్రయం లోపలికి తీసుకెళ్ళాలని అనుకున్నారు. 2023 ఏప్రిల్లో ఉందానగర్ దాకా లోకల్ వచ్చింది. లోపలి ఆరు కిలోమీటర్లు కాగితం మీదే ఉండిపోయాయి. మెట్రో సంగతి చూస్తే, 2022 డిసెంబరు 9న రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల మార్గానికి శంకుస్థాపన జరిగింది, 6,250 కోట్లు, మూడేళ్ళ గడువు. ఏడాది తిరగ్గానే ప్రభుత్వం మారింది, ఆ మార్గం రద్దయింది. దాని బదులు నాగోల్, ఎల్బీనగర్, చాంద్రాయణగుట్ట మీదుగా వెళ్ళే మార్గం తెరమీదికొచ్చింది.

ఈ రెండింటిలో ఏది మంచిదని స్నేహితులు తగువులాడుకుంటారు. ఆఫీసు రాయదుర్గం వైపే కాబట్టి మొదటిది వస్తే నాకు సుఖం. కానీ రెండోదానిలోనే న్యాయం ఎక్కువుందని నా అభిప్రాయం. రాయదుర్గం వాడికి ఇప్పటికే ఔటర్ రింగ్ రోడ్డుంది, కంపెనీ ఇచ్చే క్యాబుంది. చాంద్రాయణగుట్టలో గల్ఫ్‌కి పోని ఇల్లుండే వీధి దొరకడం కష్టం. వాళ్ళ విమానాలన్నీ అర్ధరాత్రివే. విమానాశ్రయంలో ట్రాలీలు తోసేవాళ్ళు, నేల తుడిచేవాళ్ళు కూడా ఆ చుట్టుపక్కల నుంచే వస్తారు. విమానాశ్రయానికి రోజూ వెళ్ళేవాళ్ళు వాళ్ళే, మనం ఏడాదికి రెండుసార్లు వెళ్తాం.

అమ్మ చెప్పిన మామ ప్రయాణం 1990ల్లోది. మా వైపు "బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి" అంటారు, బతుకుతెరువులు ఆ మూడే అని. మామ బొంబాయి మీదుగా దుబాయి వెళ్ళాడు. మా దగ్గర నుంచి బొంబాయికి ఆర్టీసీ బస్సు నేరుగా వెళ్ళేది, చాలామందికి విమానాశ్రయం బస్సు అదే. రాత్రంతా ప్రయాణం, తర్వాత ఏజెంటు గదిలో వీసా కోసం ఎదురుచూపు. శంషాబాద్ వచ్చాక ఆ బస్సు బదులు సుమో వచ్చింది. కొడుకుని సాగనంపడానికి పదిమంది, దారిలో తినడానికి సద్ది. ఒక్క సుమో కిరాయి, వెళ్ళేవాడి మొదటి నెల జీతంలో ఎంత కోస్తుందో ఏ రవాణా ప్రణాళికలోనూ నాకు కనిపించలేదు. అక్కడ చనిపోయిన వాళ్ళని శంషాబాద్ నుంచి ఊరికి చేర్చడానికి మాత్రం ప్రభుత్వం ఉచితంగా అంబులెన్స్ ఇస్తుంది. మంచి పనే. మామ కూడా అలాగే వచ్చాడు, 2017లో. అమ్మ ఆ రాత్రి విమానాశ్రయానికి వెళ్ళలేదు. అందుకే ఆమె శంషాబాద్ చూడటం ఇదే మొదటిసారి.

జేబీఎస్‌లో పుష్పక్ పదిన్నర దాటాక దొరికింది. ఎలక్ట్రిక్ బస్సు, చప్పుడు లేదు. సూట్‌కేసులు పెట్టేచోట అప్పటికే తాళ్ళతో బిగించిన రెండు అట్టపెట్టెలున్నాయి, వాటి మీద నీలం మార్కర్‌తో పేరు, ఊరు, షార్జా అని. పక్క సీట్లో ఒకావిడ, కిటికీ దగ్గర ఇరవై రెండేళ్ళ కుర్రాడు.

"ఎక్కడికక్కా?" అంది ఆవిడ.

"అమెరికా, బిడ్డ కాడికి. మీరో?"

"కొడుకు పోతుండు. నేను గేటు దాకనే."

ఉప్పల్ దాటేసరికి ఇద్దరూ ఊళ్ళు కలిపేసుకున్నారు, ధర్మపురి దగ్గర ఎవరో మేనత్త తేలింది. నేను ఫోన్లో నీలం చుక్క కదలడం చూస్తూ కూర్చున్నాను. నా లెక్క కంటే పావుగంట ముందున్నాం. పహాడీ షరీఫ్ దగ్గర అమ్మ నా భుజం తట్టి, "పొద్దుగాల ఈమె ఒక్కతే పోవాలె. తిరిగి బస్సెన్నింటికో చూసి చెప్పు" అంది. చూశాను. అయిదింటి లోపల రెండున్నాయి. ఆవిడ ఫోను తీసుకుని రెండిట్లో మొదటిది అలారం పెట్టి ఇచ్చాను.