జట్టు కట్టే హక్కు

నాటకానికైనా ఆటకైనా ముందు కావలసింది జట్టు. ఎవరితో కలిసి ఆడతాం, ఎవరు ఏ పాత్ర వేస్తారు అన్నవి చూడటానికి చిన్న ప్రశ్నలే. విజయనగరం సాహిత్య చరిత్రని ఆ ప్రశ్నల వైపు నుంచి చదివితే మాత్రం స్త్రీలు ఉండవలసిన చోట ఒక ఖాళీ కనిపిస్తుంది.

1892లో జగన్నాథ విలాసినీ సభ 'కన్యాశుల్కం'ని విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించింది. ఆడపిల్లల అమ్మకాన్ని నిలదీసిన ఆ నాటకంలో ఆడవేషాలు కట్టింది మగవాళ్ళే. కుటుంబ స్త్రీ రంగం ఎక్కడం అప్పట్లో ఊహకందని విషయం. ఆటపాటలు వృత్తిగా బతికిన కళావంతుల స్త్రీలనేమో సంస్కర్తలు వేలెత్తి చూపుతున్నారు. ఇంటి గౌరవం పేరుతో ఒకరికీ, నీతి పేరుతో మరొకరికీ జట్టు లేకుండా పోయింది.

1909 నాటి రెండో కూర్పులో గురజాడ మధురవాణిని ఎంతో పెంచారు. అందులో పేకాట రంగం గుర్తుందా? పోలిశెట్టి, సిద్ధాంతి వంటి వాళ్ళ సరసన ముక్కలు పట్టుకుని కూర్చున్న స్త్రీ ఆమె ఒక్కతే. వెంకమ్మకీ, బుచ్చమ్మకీ, మీనాక్షికీ అలాంటి కాలక్షేపం లేదు. చివరికి సౌజన్యారావు పంతులు ఇంటికి మధురవాణి వెళ్ళేది మగవేషంలోనే. అంటే ఆనాటి రంగస్థలం మీద మగనటుడు ఆడదై, ఆ ఆడది మళ్ళీ మగవాడవుతుంది. మారువేషానికి అంత చోటున్న నాటకంలో నిజమైన స్త్రీకి మాత్రం వేషం దొరకలేదు.

ఈ ఖాళీని స్త్రీలు తామే జట్టుకట్టి పూరించిన సందర్భం మన చరిత్రలో ఉంది. 1940లలో ప్రజానాట్యమండలి కాలంలో మోటూరి ఉదయం మహిళా బుర్రకథ దళాన్ని నడిపారు. బుర్రకథకి ముగ్గురు చాలు: కథ చెప్పేవారొకరు, వంతలు ఇద్దరు. ముగ్గురూ స్త్రీలే అయినప్పుడు ఎవరి అనుమతి కోసమూ కథ ఆగదు.

బుర్రకథకి దూరపు చుట్టం లాంటి ఆట ఒకటి 1974లో అమెరికాలో అచ్చయింది. దాని పేరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని మాటలతో, పాచికలతో కథని ముందుకు తోస్తారు. ప్రేక్షకులుండరు. యుద్ధక్రీడల మగవాళ్ళ గుంపుల్లోంచి పుట్టిన ఈ ఆటకి కూడా అసలు సమస్య జట్టే. 1975లో లాస్ ఏంజెలెస్‌లో లీ గోల్డ్ అనే స్త్రీ 'అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్' అనే పత్రిక మొదలుపెట్టింది. ఎక్కడెక్కడి ఆటగాళ్ళో రాసి పంపిన పేజీలని కలిపి అందరికీ పంపేది. 2025 దాకా, యాభయ్యేళ్ళ పాటు ఆ పని చేసింది. తనలాంటి వాళ్ళు ఇంకెక్కడో ఉన్నారని ఒంటరి ఆటగాడికి తెలియజేయడం కూడా సంపాదకత్వమే.

జట్టు దొరకడం ఒక ఎత్తు, దానిలో ఇమడటం మరో ఎత్తు. 2013లో జాన్ స్టావ్రోపౌలోస్ ఒక చిన్న ఉపాయం చెప్పాడు. ఇంటూ గుర్తు గీసిన కార్డుని బల్ల మధ్యలో పెడతారు. కథ ఎవరికైనా బాధ కలిగించే చోటికి పోతే ఆ కార్డుని తాకితే చాలు, సంజాయిషీ చెప్పక్కర్లేదు, కథ దారి మళ్ళుతుంది. ఎందుకు వద్దో రుజువు చేయనక్కర్లేకుండా వద్దనగలగడం! ఇంటా బయటా మనకి ఎంత అరుదుగా దొరికే హక్కో వేరే చెప్పాలా?

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఒక కాలేజీ అమ్మాయికి ఈ ఆట మీద మనసు పడితే ఆమెకి ఎదురయ్యే ప్రశ్నలు పాచికల గురించినవి కావు. ఎవరింట్లో ఆడాలి? చీకటి పడేలోపు ఇల్లు చేరగలదా? నియమాల పుస్తకం ఇంగ్లీషులో ఉంటే కథ మన ఉత్తరాంధ్ర యాసలో నడవచ్చా? కులం అడగకుండా పక్కన చోటిస్తారా? కథ నడిపే వంతు ఆమెకీ వస్తుందా, లేక ఎప్పుడూ రక్షించబడే రాకుమారి పాత్రేనా?

జట్టు వెతికిపెట్టే వాళ్ళు ముందుగా అడగవలసినవి ఈ ప్రశ్నలే. ఇష్టమైన ఆట ఏదన్నది ఆ తర్వాత. ఒక గది, మూడు గంటల తీరిక, నలుగురు నమ్మదగిన మనుషులు. మగపిల్లలకి ఇవి అడక్కుండానే దొరుకుతాయి. ఆడపిల్లలకి ఎవరో ఒకరు పూనుకుని సమకూర్చాలి. మధురవాణి పరువుని పణంగా పెట్టి సంపాదించుకున్న ఆ చోటు ఏ పణమూ లేకుండా అందరికీ దక్కాలి.