పదహారేళ్ల బంగారం

2014 జులై 25న గ్లాస్గోలోని క్లైడ్ ఆడిటోరియంలో చికా అమలాహా అనే నైజీరియా పిల్ల కామన్వెల్త్ క్రీడల బంగారు పతకం గెలిచింది. వయసు పదహారు. 53 కిలోల విభాగంలో స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ కలిపి 196 కిలోలు ఎత్తింది. ఆ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ బంగారం అందుకున్న ఆడపిల్లల్లో అంత చిన్నది అంతకుముందు లేదు.

ఆ కథని పొందూరులో కూర్చుని తలుచుకోవడం దేనికంటే, ఆ రోజు మూడో మెట్టు మీద నిలబడ్డది మన పిల్ల. మత్స సంతోషి, నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ. మన స్టేషన్లో రైలెక్కితే ఒక వైపు ఆమదాలవలస, రెండో వైపు విజయనగరం. అటు ఊసవానిపేటలో కరణం మల్లీశ్వరి పెరిగింది, ఇటు కొండవెలగాడలో సంతోషి పెరిగింది. బరువులెత్తే ఆడపిల్లని చూసి ముక్కున వేలేసుకునే రోజులు ఈ చుట్టుపక్కల ఎప్పుడో పోయాయి. బార్ కింద కూర్చుని లేచే ఆ ఒక్క క్షణం వెనక ఎన్ని తెల్లవారుజాములు ఉంటాయో ఇక్కడి తల్లులకి తెలుసు. అందుకే చికా పతనం మనకి పరాయి దేశపు వార్త కాదు.

ఆ బంగారం వారం రోజులే నిలిచింది. పోటీ అయ్యాక చేసిన పరీక్షలో అమిలోరైడ్, హైడ్రోక్లోరోథయాజైడ్ కనిపించాయి. రెండో నమూనాలోనూ అవే. ఆగస్టు 1న పతకం తీసేసుకున్నారు. ఆ రెండూ కండ పెంచే మందులు కావు. ఒంట్లో నీటిని మూత్రంగా తోడేసే మాత్రలు. రెండోదైతే బీపీ ఉన్న పెద్దవాళ్ల మందుల డబ్బాలో ఉండేదే. తూకానికి ముందు ఒంటి బరువు తగ్గడానికి అది దగ్గర దారి. పైగా మూత్రం పలచబడితే, వేరే మందేదైనా వాడి ఉంటే దాని జాడ పట్టడం కష్టం. అందుకే నిషేధం.

ఒంట్లో ఏది దొరికినా జవాబుదారీ ఆడినవాళ్లదే. అది నియమం. ఎవరిచ్చారు, తెలిసే మింగారా అన్నది శిక్ష ఎంత వెయ్యాలో తేల్చేటప్పటి మాట. ఆ కఠినత్వం లేకపోతే ఆటే మిగలదని నేనూ ఒప్పుకుంటాను. కాని పదహారేళ్ల పిల్ల ఒక్కతీ గ్లాస్గో దాకా రాదు. వెనక ఇల్లుంటుంది, కోచ్ ఉంటాడు, సమాఖ్య ఉంటుంది. గెలిచిన రోజు ఫొటోలో వీళ్లందరికీ చోటు ఉంటుంది. పతకం పోయిన రోజు వార్తల్లో పేరు ఒక్కటే. మైనర్ పట్టుబడితే చుట్టూ ఉన్న పెద్దల్నీ తప్పక విచారించాలన్న నియమం 2015 డోపింగ్ నిరోధక నియమావళిలో వచ్చింది. అప్పటికి చికా పడిపోయి నెలలు దాటాయి.

పడ్డ పిల్లతో పెద్దవాళ్లు ఎలా మాట్లాడతారో ప్రపంచమంతా ఒకసారి కళ్లారా చూసింది. 2022 ఫిబ్రవరి, బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్. రష్యా స్కేటర్ కమీలా వలియెవాకి పదిహేనేళ్లు. అప్పటికే డోపింగ్ వివాదం నెత్తిన ఉంది. మంచు మీద పదేపదే పడి నాలుగో స్థానానికి జారింది. బయటికొచ్చిన పిల్లని కోచ్ దగ్గరికి తీసుకోలేదు, ఎందుకు వదిలేశావని నిలదీసింది. ఆ మాట మన జిల్లా పోటీల్లో లేదా? “ఎందుకొగ్గేసినావే?” అని గట్టు మీంచి అరిచే గొంతు కన్నవాళ్లదే అయినప్పుడు ఆ పిల్ల ఇంక ఎవరి దగ్గరికి పోవాలి?

ఇంటి భయం, ఓటమి భయం కలిస్తే ఏమవుతుందో 2023 సెప్టెంబరులో ఢిల్లీలో బయటపడింది. రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకి డోపింగ్ పరీక్షలవాళ్లు వచ్చారని తెలియగానే కుర్రాళ్లు మాయమయ్యారు. వంద మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తాడు.

గ్లాస్గోలో చికా పోగా మిగిలినవాళ్లు ఒక్కో మెట్టు పైకి జరిగారు. నాలుగో స్థానంలో ఉన్న స్వాతి సింగ్‌కి కంచు, సంతోషికి వెండి, పపువా న్యూ గినీ డికా టోవాకి బంగారం. న్యాయమే. మన పిల్లకి రావలసిందే వచ్చింది, ఆ వెండికి గర్వపడదాం. ఇంకో పిల్ల కూలిందని మాత్రం మురవకూడదు. ఈ రెండింటికీ తేడా ఇంటి పిల్లలు నేర్చుకునేది గ్యాలరీలో కూర్చున్న మన మొహాలు చూసే.

మల్లీశ్వరి కూడా ఓడింది. 2000 సెప్టెంబరు 19, సిడ్నీ ఒలింపిక్స్. చివరి ప్రయత్నంలో 137.5 కిలోలు లేవలేదు. మొత్తం 240 దగ్గర ఆగింది. పైన ఉన్న ఇద్దరివీ 242.5. రెండున్నర కిలోల దూరంలో బంగారం పోయింది, కంచు మిగిలింది. అయినా ఆ కంచుని ఎవరూ వెనక్కి అడగలేదు, ఎప్పటికీ అడగలేరు. ఓడిన ఆ ప్రయత్నాన్ని కూడా ఈ జిల్లా తలెత్తుకునే చెప్పుకుంటుంది.

అదే సిడ్నీలో, ఒలింపిక్స్ చరిత్రలోనే మొదటిసారి బరువెత్తిన మహిళ డికా టోవా. అప్పుడు తనకీ పదహారేళ్లే. పతకం రాలేదు. పద్నాలుగేళ్ల తర్వాత గ్లాస్గోలో పదహారేళ్ల పిల్ల పక్కన రెండో మెట్టు మీద నిలబడింది. బంగారం తనదేనని తెలిసేసరికి వేదిక ఖాళీ. ఆ తర్వాతా ఆపలేదు. 2021లో టోక్యోలో, 37 ఏళ్ల వయసులో, ఐదో ఒలింపిక్స్ ఆడింది. చికాకీ అంత దారి ఉండవలసింది.