జోలె పోయింది, బిడ్డ దక్కాడు

1805 జూన్ 29. మిస్సోరీ నది మహా జలపాతాల దగ్గర, ఇప్పటి మోంటానా రాష్ట్రంలో. పడమట నల్లటి మబ్బు కమ్ముకొస్తోంది. లూయిస్‌తో కలిసి పసిఫిక్ దాకా దారి వెతుకుతున్న కెప్టెన్ విలియం క్లార్క్ తల దాచుకునే చోటు కోసం చుట్టూ చూశాడు. అంతా బోడి మైదానం. గాలి ఊపందుకుంటే మనిషిని ఎత్తి నదిలో పడేసేలా ఉంది. జలపాతానికి కాస్త ఎగువన నదిలోకి దిగే లోతైన వాగు, అందులో ముందుకు పొడుచుకొచ్చిన బండలు కనిపించాయి. వాటి కిందికి చేరారు.

క్లార్క్ వెంట ముగ్గురే. దుబాసీ షార్బోనో, అతని భార్య సకాగవియా, వాళ్ల నాలుగున్నర నెలల కొడుకు జాన్ బాప్టిస్ట్. క్లార్క్ బానిస యార్క్ వేట కోసం విడిగా వెళ్లాడు. మొదట పడింది చిన్న జల్లే. తుపాకీ, దిక్సూచి పక్కన పెట్టుకుని కూర్చున్నారు. తల్లి కాళ్ల దగ్గర, ఆమె మోసుకొచ్చిన జోలెలో బిడ్డ ఉన్నాడు. పక్కనే వాడి బట్టలు.

అంతలో వడగళ్లతో కుండపోత మొదలైంది. పైనుంచి బురద, రాళ్లు దొర్లించుకుంటూ నీటి గోడ ఒకటి వాగులోకి విరుచుకుపడింది.

సకాగవియా వంగింది. జోలెను అందుకునే వ్యవధి లేదు, బట్టల వైపు చూసే వ్యవధి అసలే లేదు. బిడ్డను మాత్రం లాక్కుని గుండెలకు హత్తుకుంది. మరుక్షణం జోలె, బట్టలు, పక్కబట్టలు అన్నీ నీటిపాలు. పైనుంచి షార్బోనో ఆమె చెయ్యి పట్టి లాగుతున్నాడు గానీ, భయంతో కొయ్యబారి కదల్లేకపోతున్నాడు. క్లార్క్ ఎడమ చేతిలో తుపాకీ పట్టుకుని, కుడిచేత్తో ఆమెను పైకి నెడుతూ గట్టెక్కాడు. బయటపడేలోపే నీళ్లు అతని నడుము దాకా వచ్చాయి. గట్టు పైకి చేరేసరికి వాగులో 15 అడుగుల నీళ్లు.

పైన వీళ్లను వెతుక్కుంటూ యార్క్ ఎదురయ్యాడు. ప్రాణాలు దక్కాయి, కానీ ఒంటిమీద నూలుపోగు లేని పసివాడు చలికి వణుకుతున్నాడు. తల్లి జూన్ నడుమ చావు అంచుల దాకా వెళ్లి, గంధకపు ఊట నీళ్లు తాగాక తేరుకుని ఎన్నాళ్లో కాలేదు. మళ్లీ జ్వరం తిరగబెడుతుందేమోనని క్లార్క్ కంగారుపడ్డాడు. సామాను, పొడిబట్టలు ఉన్న విడిది వైపు అందరినీ పరుగెత్తించాడు.

ఆ పరుగు సరైన పని. మోసేవాళ్లకు నడకతో ఒళ్లు వేడెక్కుతుంది, వీపున కదలకుండా కూర్చున్న బిడ్డకు ఆ వేడి ఉండదు. నేడు అల్యూమినియం చట్రం, ఎండ గొడుగు ఉన్న క్యారియర్‌లో పిల్లల్ని కట్టుకుని కొండలెక్కే తల్లిదండ్రులు మరువకూడని సంగతి ఇదే. తమకు ఉక్కపోస్తున్నా బిడ్డ చేతులు, కాళ్లు తడిమి చూడాలి. మబ్బు పట్టిన రోజున ఎండు వాగులో నిలబడకూడదు. వాన మన నెత్తిన పడకపోయినా, ఎగువన పడితే చాలు.

సకాగవియాది షోషోనీ తెగ. చిన్నప్పుడే హిడాట్సా యోధులు ఎత్తుకుపోయారు. తర్వాత షార్బోనో చేతికి వచ్చింది. పసిఫిక్ దాకా దారి వెతికే లూయిస్, క్లార్క్ యాత్రలో ఆమె అవసరమైంది భాష కోసం. కొండల్లో గుర్రాలు కావాలంటే షోషోనీలతో బేరమాడాలి మరి. 1805 ఫిబ్రవరి 11న, యాత్ర విడిది ఫోర్ట్ మాండన్‌లో తొలి కాన్పు కష్టమైతే, గిలకపాము తోక గిలకల్ని నలిపి నీళ్లలో కలిపి తాగించారని లూయిస్ రాసుకున్నాడు. ఏప్రిల్ 7న ప్రయాణం మొదలయ్యేనాటికి బిడ్డకు రెండు నెలలు కూడా నిండలేదు.

దారంతా నడకే అనను. పడవలు ఉన్నాయి, తర్వాత గుర్రాలు వచ్చాయి. అయినా ఆ బిడ్డను తడవకుండా, ఒరుసుకోకుండా, పాలు తప్పకుండా చూసుకున్నది ఆమే. మిస్సోరీ తీరపు తెగల తల్లులు జమ్ముగడ్డి కంకుల దూదిని పసిపిల్లల పక్కల్లో నింపేవారు. తడిస్తే తీసి పారేసి, ఎండుది పెట్టడమే. సెప్టెంబరులో బిటర్‌రూట్ కొండల మంచులో, తిండి లేక గుర్రప్పిల్లను కోసుకుతిన్న రోజుల్లోనూ ఆమె చంటిబిడ్డ తల్లే.

గుంపులో ఆడమనిషి కనిపిస్తే చాలు, ఇది యుద్ధానికి వచ్చిన గుంపు కాదని దారిలోని తెగలు నమ్మేవారు. క్లార్క్ ఈ మాట డైరీలో రాసుకున్నాడు. ముప్పైమంది తుపాకులు చేయలేని పని ఒక తల్లి చేసింది.

తిరుగు ప్రయాణంలో, 1806 మే నెలాఖరున, పళ్లొచ్చే వయసులో బిడ్డకు మెడ, దవడ వాచి జ్వరం వచ్చింది. ఉడికించిన ఉల్లిపాయల పట్టు వేశారు. తర్వాత పైన్ జిగురు, తేనెమైనం, ఎలుగుబంటి కొవ్వు కలిపి పూశారు. తగ్గింది. అప్పటికి వాడు నడక నేర్చే వయసువాడు. వాడి చిందులు చూసి క్లార్క్ మురిసిపోయేవాడు, ముద్దుగా ‘పాంప్’ అని పిలిచేవాడు. జూలై 25న ఎల్లోస్టోన్ ఒడ్డున ఒక బండకు వాడి పేరు పెట్టి, తన పేరు, తేదీ చెక్కాడు. పాంపీస్ పిల్లర్ అనే ఆ రాయి మీద ఆ చెక్కుడు ఇప్పటికీ ఉంది.

1806 ఆగస్టు 17న మాండన్ గ్రామాల దగ్గర విడిపోయారు. గుర్రం, తోలు గుడారం ఖరీదుతో కలిపి షార్బోనోకు 500 డాలర్ల 33 సెంట్లు ముట్టాయి. సకాగవియాకు ఒక్క సెంటు కూడా లేదు. మూడు రోజులకే క్లార్క్ షార్బోనోకు ఉత్తరం రాస్తూ, అంత దూరం, అంత ప్రమాదం భరించిన నీ భార్యకు మేం ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువే దక్కాల్సిందన్న అర్థం వచ్చేలా ఒప్పుకున్నాడు. బిడ్డను వీపున మోస్తున్న ఆమె బొమ్మతో అమెరికా డాలరు నాణెం విడుదల చేసింది 2000లో. గౌరవం సరే, కూలి మాత్రం ఎగ్గొట్టారు. అది అన్యాయమే. సాక్ష్యం క్లార్క్ ఉత్తరమే.