ఒక్కడే బ్యాండ్ అయినవాడు బ్యాండ్‌తో కలిసి కూర్చుంటే

ఈ వారం ఒక బండి చెడిపోయిన కథతో మొదలుపెడతాను.

1955లో కౌంట్ బేసీ బ్యాండ్ ‘ఏప్రిల్ ఇన్ పారిస్’ అనే పాటను రికార్డు చేసింది. ఆ పాటను బ్యాండ్‌కి కూర్చి ఇచ్చినవాడు వైల్డ్ బిల్ డేవిస్, నల్లజాతి ఆర్గన్ వాద్యకారుడు. ఆయన కూడా బ్యాండ్‌తో కూర్చుని వాయించాలన్నది అసలు అనుకున్న మాట. ఆర్గన్‌ని తెస్తున్న బండి దారిలో చెడిపోయిందని, అందుకే ఆయన అందుకోలేకపోయాడని జాజ్ లోకంలో చెప్పుకుంటారు. ఆర్గన్ లేకుండానే రికార్డింగ్ అయిపోయింది. బేసీ పేరు చెప్పగానే గుర్తొచ్చే పాటల్లో అదొకటిగా నిలిచిపోయింది. ఆ ట్రంపెట్ల హోరు ఒక ఆర్గన్ మెట్ల మీద పుట్టిన ఆలోచన అని వినేవాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఆర్గన్, బిగ్ బ్యాండ్ ఒకచోట కూర్చోవడం అంత సులువుగా జరగలేదు. దాని వెనక డబ్బుంది, వలస ఉంది, చర్చి ఉంది. ఆ చరిత్ర చెప్పుకుందాం.

పైపుల ఆర్గన్ డబ్బున్న చర్చిల వాద్యం. గోడంత ఎత్తు పైపులు, వాటిలోకి గాలి కొట్టే యంత్రాంగం, దాన్ని నిలబెట్టడానికి తగిన కట్టడం కావాలి. 1935లో షికాగోలో గడియారాల వ్యాపారి లారెన్స్ హామండ్ దీనికి బదులుగా ఒక కరెంటు ఆర్గన్ తెచ్చాడు. అందులో పైపులు లేవు, గాలి లేదు. ఒక మోటారు తిప్పే 91 పళ్ల చక్రాలు, ఒక్కో చక్రం పక్కన ఒక అయస్కాంతం, తీగచుట్ట. చక్రం తిరిగే వేగాన్ని, దాని పళ్లను బట్టి ఒక్కో స్వరం పుడుతుంది. పైపుల ఆర్గన్‌కి ఇది సాటి అన్నట్టుగా కంపెనీ ప్రకటనలు ఇచ్చుకుంటే, అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభ్యంతరం చెప్పింది. విచారణ జరిపి, 1938లో అలాంటి ప్రకటనలు మానుకోమని ఆదేశించింది. అంటే పుట్టుకతోనే దీనికి ‘నకిలీ’ అనే ముద్ర పడింది.

ఆ నకిలీని సొంతం చేసుకున్నవాళ్లు ఎవరు? దక్షిణాది పత్తి పొలాలూ జిమ్ క్రో చట్టాలూ వదిలి షికాగో, ఫిలడెల్ఫియా, డెట్రాయిట్ చేరిన నల్లజాతి కూలీలు. దుకాణాల గదుల్లో నడిచే వాళ్ల చిన్న చర్చిల్లో పైపుల ఆర్గన్‌కి చోటూ లేదు, డబ్బూ లేదు. 1939లో షికాగోలోని ఫస్ట్ చర్చ్ ఆఫ్ డెలివరెన్స్‌లో కెన్నెత్ మోరిస్ హామండ్‌ని గాస్పెల్ పాటలోకి తెచ్చాడు. ఆ తర్వాత నల్లవాళ్ల ఆరాధనలో అది విడదీయలేని గొంతయింది. మన పేటల చర్చిల్లో, భజన బృందాల్లో హార్మోనియం ఉన్నట్టే అనుకోండి. హార్మోనియం కూడా పెద్ద ఆర్గన్‌ని కొనలేని, మోయలేని చోటికి వచ్చిన చిన్న పెట్టే కదా. వచ్చాక అది ఎవరికీ నకల్లా మిగల్లేదు, మన పాటదైంది.

ఇప్పుడు రెండో పక్క చూద్దాం. బిగ్ బ్యాండ్ అంటే పదిహేను, పద్దెనిమిది మంది. ట్రంపెట్లు, ట్రాంబోన్లు, శాక్సోఫోన్లు, వాటి కింద పియానో, గిటార్, డబుల్ బేస్, డ్రమ్స్. 1930లలో అమెరికా నాట్యశాలలన్నీ వీళ్లవే. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. కుర్రాళ్లు సైన్యానికి పోయారు. పెట్రోలుకి రేషన్ పెట్టారు, బస్సులు కదల్లేదు. 1942లో సంగీతకారుల సంఘం రికార్డింగులు ఆపేసింది. 1944లో నాట్యం, పాట ఉన్న క్లబ్బుల మీద కేంద్ర పన్ను 30 శాతానికి పెరిగి, కొద్ది నెలలకే 20 శాతానికి దిగినా భారంగానే మిగిలింది. 1946 చివరికి పేరున్న బ్యాండ్లు వరసగా మూతపడ్డాయి. 1950లో బేసీ అంతటివాడు కూడా కొన్నాళ్లు చిన్న బృందంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

ఖాళీ అయిన ఆ వేదిక మీదికి ఆర్గన్ వచ్చింది. ఎడమ చెయ్యి, కాళ్లు బేస్ చూసుకుంటాయి. కుడి చెయ్యి పాట పాడుతుంది. చేతినిండా స్వరాలు ఒక్కసారి నొక్కితే ట్రంపెట్ల గుంపు అరిచినట్టుంటుంది. పక్కన ఒక గిటార్, ఒక డ్రమ్స్ ఉంటే చాలు. పదిహేను మంది జీతం ఇవ్వలేని నల్లవాడల బార్ యజమాని ముగ్గురికి ఇవ్వగలడు. వైల్డ్ బిల్ డేవిస్ ఈ దారి తీశాడు. ఆయన్ని విని పియానో వదిలి ఆర్గన్ పట్టినవాడు జిమ్మీ స్మిత్. ఫిలడెల్ఫియా దగ్గరి నారిస్‌టౌన్ మనిషి. ఒక గోదాములో ఆర్గన్ పెట్టుకుని నెలల తరబడి ఒంటరిగా సాధన చేశాడు. 1956లో బ్లూ నోట్ కంపెనీ రికార్డులతో జాజ్ ఆర్గన్ భాషనే మార్చేశాడు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బ్యాండ్ల కడుపు కొట్టింది ఆర్గన్ కాదు. పన్ను, యుద్ధం, మార్కెట్ కొట్టాయి. అవి మిగిల్చిన శూన్యంలో ఒక్క మనిషి పదిహేను మంది పని నెత్తికెత్తుకున్నాడు. దాన్ని ప్రతిభ అంటాం, నిజమే. కానీ అందులో లేమి కూడా ఉంది.

మరి అలాంటివాణ్ని తెచ్చి పదిహేను మంది మధ్య కూర్చోబెడితే ఏమవుతుంది? గొడవవుతుంది. పియానో స్వరం నొక్కగానే సన్నగిల్లడం మొదలుపెడుతుంది. ఆర్గన్ స్వరం మెట్టు మీద వేలున్నంతసేపూ అదే బలంతో మోగుతుంది. శాక్సోఫోన్లు, ట్రాంబోన్లు ఉండే మధ్యస్థాయినంతా అది కప్పేస్తుంది. కింద ఆర్గన్ బేస్, డబుల్ బేస్ ఒకేచోట తొక్కుకుంటాయి. ఇద్దరికీ ఒకే ఇల్లు, ఒకే గది.

1962 మార్చిలో ఆలివర్ నెల్సన్ ఈ చిక్కు విప్పాడు. సెయింట్ లూయిస్‌లో పుట్టిన నల్లజాతి శాక్సోఫోన్ కళాకారుడు, స్వరకర్త, అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. వెర్వ్ కంపెనీకి జిమ్మీ స్మిత్ చేసిన ‘బాషిన్’ ఆల్బమ్‌లో ఒక వైపు బిగ్ బ్యాండ్, రెండో వైపు స్మిత్ మామూలు ముగ్గురి బృందం. ‘వాక్ ఆన్ ద వైల్డ్ సైడ్’ వినండి. ఆర్గన్ వెంటనే రాదు. ముందు బ్యాండ్ నేల చదును చేస్తుంది, మనం ఎదురుచూస్తాం, అప్పుడు స్మిత్ ప్రవేశిస్తాడు. ఆయన మాట్లాడుతుంటే బ్యాండ్ తగ్గుతుంది. ఆయన ఊపిరి తీసుకున్నచోట ట్రంపెట్లు జవాబిస్తాయి. చర్చిలో పాస్టరు ఒక మాట అంటే సంఘం బదులు పలికినట్టే. బేస్ భారం జార్జ్ డువివియర్ డబుల్ బేస్ మీద పెట్టారు. అన్నీ తానే మోసే అలవాటున్న స్మిత్‌కి ఆ పూట కొంత బరువు దిగింది. ఆ బరువు దిగినందుకే ఆయన కుడి చెయ్యి అంత స్వేచ్ఛగా పరుగెత్తిందని నాకనిపిస్తుంది. ఆ పాట బిల్‌బోర్డ్ పాప్ పట్టికలో 21వ స్థానం దాకా వెళ్లింది. జాజ్ ఆర్గన్‌కి అది చిన్న సంగతి కాదు.

ఆ దారిలో తర్వాత చాలామంది నడిచారు. 1966లో షర్లీ స్కాట్ అనే ఫిలడెల్ఫియా ఆర్గన్ విద్వాంసురాలు పాత బిగ్ బ్యాండ్ల పాటలతోనే ‘రోల్ ఎమ్’ చేసింది. అందులోనూ నెల్సన్ చెయ్యి ఉంది. అదే ఏడాది స్మిత్, గిటారిస్టు వెస్ మాంట్‌గోమరీ, నెల్సన్ కలిశారు. ఆ ముగ్గురికీ నివాళిగా క్రిస్టియన్ మెక్‌బ్రైడ్ తన బిగ్ బ్యాండ్‌తో 2020లో ఒక ఆల్బమ్ తెచ్చాడు. ఆర్గన్ మీద జోయీ డిఫ్రాన్సెస్కో. బ్యాండ్ నాయకుడు మెక్‌బ్రైడ్ స్వయంగా డబుల్ బేస్ వాద్యకారుడు. 2022లో దానికి గ్రామీ వచ్చింది. అదే ఏడాది డిఫ్రాన్సెస్కో 51 ఏళ్లకే వెళ్లిపోయాడు.

ఇదంతా మనకెందుకంటారా? మన సంఘాల్లో ఒక మనిషి ఉంటాడు, చాలాసార్లు ఉంటుంది. పాట తనే రాస్తుంది, డప్పు తనే కొడుతుంది, రాత్రి పోస్టర్లు తనే అంటిస్తుంది, పొద్దున కలెక్టరేట్ ముందు మైకు కూడా తనే పడుతుంది. డబ్బూ మనుషులూ లేని రోజుల్లో ఉద్యమాన్ని నిలబెట్టింది అలాంటివాళ్లే, వాళ్లకు చెయ్యెత్తి మొక్కాలి. కానీ పదిమంది వచ్చిన రోజున కూడా అన్ని మెట్లూ తనే నొక్కుతుంటే వచ్చినవాళ్లు ఏం వాయించాలి? బేస్ ఇంకొకరికి ఇవ్వాలి. వచ్చిన పదిమంది కూడా ఆ మనిషి గొంతు మునిగిపోకుండా ఎక్కడ తగ్గాలో తెలుసుకోవాలి.

‘బాషిన్’ దొరికితే రెండు వైపులూ వరసగా వినండి. ఒక వైపు ముగ్గురు, ఇంకో వైపు అంతమంది. మనిషి ఒకడే. ఏ వైపు ఆయన ఎలా ఊపిరి తీసుకుంటున్నాడో గమనించి కింద రాయండి, మాట్లాడుకుందాం.