వెండీ అనే పేరు ఎలా పుట్టింది?

బ్రిటన్‌లో కొన్నేళ్ళు ఆసుపత్రి ఉద్యోగం చేసిన మనవాళ్ళలో వెండీ అనే నర్సును ఎరగనివారు అరుదు. మనకు సీత, సావిత్రి ఎంత పాతవో ఇంగ్లీషువారికి ఈ పేరూ అంత పాతదని అనుకుంటాం. గ్వెండొలెన్ అనే వెల్షు పేరుకు పొట్టిరూపమని చెప్పేవారూ ఉన్నారు. అంతకుముందు ఎక్కడో ఒకటీ అరా ఉన్నా, ఇది ఇంటింటి పేరయింది 1904 తర్వాతనే. దానికి కారణం ఒక అయిదేళ్ళ పిల్ల.

ఆ పిల్ల పేరు మార్గరెట్. తండ్రి విలియం ఎర్నెస్ట్ హెన్లీ కవి, పత్రికా సంపాదకుడు. ఎముకల క్షయతో ఒక కాలు పోగొట్టుకున్నాడు. రెండవ కాలిని ఎడింబరోలో కాపాడినది మన వైద్యులందరూ తలచుకునే జోసెఫ్ లిస్టరే. హెన్లీ స్నేహితుడు జె. ఎం. బారీ అనే స్కాట్లండు రచయిత. ఆయన్ను మార్గరెట్ 'ఫ్రెండీ' అని, అంటే నేస్తమని, పిలిచేది. ఆ వయసులో 'ర' పలకదు కదా! మన పిల్లల నోట రాముడు 'లాముడు' అయినట్లు, ఆమె నోట ఫ్రెండీ 'ఫ్వెండీ' అయి, చివరకు 'వెండీ' అయింది.

1894లో మార్గరెట్ మెనింజైటిస్‌తో చనిపోయింది. యాంటీబయాటిక్కులు లేని కాలమది.

1904 డిసెంబరు 27న లండన్‌లో బారీ నాటకం 'పీటర్ పాన్' మొదటిసారి ఆడారు. ఎన్నటికీ పెద్దవాడు కాని పిల్లవాడి కథ అది. అందులో పెరిగి పెద్దదయ్యే ఆడపిల్లకు బారీ వెండీ అని పేరు పెట్టాడు. నాటకం చూసిన తల్లిదండ్రులు తమ కూతుళ్ళకు ఆ పేరు పెట్టుకున్నారు. 1929లో బారీ ఆ నాటకం హక్కులను లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి ఇచ్చేశాడు. గడువు తీరాక కూడా బ్రిటన్‌లో రాయల్టీ ఆ ఆసుపత్రికే చెందేలా 1988లో పార్లమెంటు చట్టం చేసింది.

మనం ఆడపిల్ల పుడితే నక్షత్రం చూస్తాం, అర్థం చూస్తాం, ఇక్కడివారికి నోరు తిరుగుతుందా అని కూడా చూస్తాం. మంచిదే. కాని మన ఇళ్ళలో చిన్నది అక్కనో తాతయ్యనో వచ్చీరాని మాటలతో పిలిచే పిలుపు ఒకటి ఉంటుంది. దాన్ని వెంటనే దిద్దకండి. ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి దాచండి. పరాయిదేశంలో పుట్టిన బిడ్డ తనంతట తాను కట్టుకున్న తొలి తెలుగుమాట అదే కావచ్చు.